నీటి లెక్క ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఆహార, పానీయాల కంపెనీలు ఊరందరిదీ అయిన నీటిని ఎలా కాపాడగలవు, ఆ పేరుతో అవి చేస్తున్న పనుల్లో నిజమెంత అని అడుగుతూ వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కుదించాం. పేర్లు ప్రచురించవద్దని చాలామంది కోరినందున ఊళ్ల పేర్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మా మండలంలో ఒక శీతల పానీయాల కంపెనీ ప్లాంటు పెట్టబోతోంది. రోజుకు ఐదు లక్షల లీటర్ల నీరు బోర్ల ద్వారా తీసుకుంటామని, లీటరు పానీయానికి రెండు లీటర్ల లోపే వాడతామని, ప్లాంటు పైకప్పు మీద పడే వాననంతా ఇంకుడు గుంటల్లోకి పంపి తీసుకున్న నీటిని భూమికి తిరిగి ఇచ్చేస్తామని గ్రామ సభలో చెప్పారు. ఊరివాళ్లం ఏం అడగాలి?
– ఒక వార్డు సభ్యుడు, అనంతపురం జిల్లా

జవాబు: వారు చెప్పిన మూడు మాటల్లో మొదటిది మీకు పనికివచ్చే సమాచారం, రెండవది కంపెనీకి పనికివచ్చే సమాచారం, మూడవది లెక్కకు నిలవని మాట.

లీటరు పానీయానికి ఎన్ని లీటర్ల నీరు అన్నది ప్లాంటు ఎంత పొదుపుగా నడుస్తోందో చెప్పే కొలత. సీసాలు కడగడానికి, గొట్టాలూ ట్యాంకులూ శుభ్రం చేయడానికి, బాయిలర్లకు, కూలింగ్ టవర్లకు అయ్యేదంతా కలిపి ఈ కొలత కడతారు. పెద్ద కంపెనీలు గత ఇరవై ఏళ్లలో దీన్ని బాగా తగ్గించుకున్న మాట నిజం, అది మెచ్చుకోదగినదే. అయితే ఈ కొలత తగ్గుతూనే ఉత్పత్తి రెట్టింపైతే బోర్లు లాగే నీరు పెరుగుతుంది. మీ ఊరి బావికి సంబంధించినంత వరకు రోజుకు ఎన్ని లక్షల లీటర్లు, ఏ నెలల్లో, ఎంత లోతు నుంచి తీస్తున్నారన్నదే ముఖ్యం.

ఇక పైకప్పు వాన సంగతి. అనంతపురం ప్రాంతంలో సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరు. ప్లాంటు పైకప్పు ఐదెకరాలు, అంటే సుమారు 20,000 చదరపు మీటర్లు ఉందనుకుందాం; అది చిన్న కప్పేమీ కాదు. పడ్డ వానలో ఐదింట నాలుగు వంతులు గుంటల్లోకి చేరుతుందని ధారాళంగా లెక్క వేసినా ఏడాదికి వచ్చేది 90 లక్షల లీటర్లకు మించదు. రోజుకు ఐదు లక్షలు తోడే ప్లాంటుకు అది పద్దెనిమిది రోజుల నీరు. మిగిలిన రోజుల నీరు ఎక్కడి నుంచి తిరిగి ఇస్తారో గ్రామ సభలోనే, పలక మీద లెక్క వేసి చూపించమనండి. ఆ ఐదెకరాలు కట్టడం లేకుండా బీడుగా ఉన్నప్పుడూ కొంత వాన అక్కడ ఇంకుతూనే ఉండేదన్న సంగతి కూడా ఆ లెక్కలో చేర్చాలి.

ఇదే లెక్కను తిరగేసి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఏడాదికి 300 రోజులు నడిస్తే ప్లాంటు తీసుకునేది 15 కోట్ల లీటర్లు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ చాలా భాగం నేల కింద ఉన్నది గ్రానైటు జాతి గట్టి రాయి; నీరు నిలిచేది పైనున్న మెత్తబడ్డ పొరలోనూ, దాని దిగువ రాతి పగుళ్లలోనూ మాత్రమే. ఇలాంటి చోట కురిసిన వానలో భూమి లోపలికి చేరేది పదో వంతుకు అటూ ఇటూ. పదో వంతే అనుకుంటే, 15 కోట్ల లీటర్లు ఇంకడానికి దాదాపు 670 ఎకరాల మీద ఏడాదంతా కురిసిన వాన కావాలి. ఆ 670 ఎకరాల్లో ఇప్పటికే ఎన్ని బోర్లు నడుస్తున్నాయి, వాటి కింద ఎంత సేద్యం ఉంది, ఊరి తాగునీటి బోరు అందులో ఉందా అన్నవి కంపెనీ సమర్పించే నివేదికలో ఉండాలి. అవి లేకుండా వచ్చే నివేదికను వెనక్కి పంపడానికి సంకోచించనక్కరలేదు.

కేరళలోని ప్లాచిమడ చరిత్ర మీ గ్రామ సభ సభ్యులందరూ తెలుసుకోవలసినది. పాలక్కాడ్ జిల్లా పెరుమాట్టి పంచాయతీలో, కొండల చాటున వాన తక్కువగా పడే వర్షచ్ఛాయా ప్రాంతంలో, 2000 సంవత్సరంలో కోకా-కోలా అనుబంధ సంస్థ ప్లాంటు నడవడం మొదలైంది. కొద్దికాలానికే చుట్టుపక్కల ఆదివాసీ కాలనీల బావుల్లో నీరు తగ్గిందని, ఉన్న నీరు తాగడానికి, వండుకోవడానికి పనికిరాకుండా పోయిందని జనం ఆరోపించారు. 2002 ఏప్రిల్‌లో ప్లాంటు ఎదుట దీక్షలు మొదలయ్యాయి. వాటికి ముందు నిలిచిన మయిలమ్మ ఆ కాలనీల్లో ఒకదానికి చెందిన ఆదివాసీ మహిళ. ప్లాంటు నుంచి వచ్చిన మడ్డిని ఎరువు పేరుతో రైతుల పొలాలకు తోలించడం, అందులో సీసం, కాడ్మియం వంటి భారలోహాలు ఉన్నాయని 2003లో పరీక్షల్లో తేలడం గొడవను ఇంకో మెట్టు ఎక్కించాయి. అదే ఏడాది పంచాయతీ లైసెన్సు పొడిగించడానికి నిరాకరించింది. 2003 డిసెంబరులో కేరళ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం భూగర్భ జలం ప్రజల ఉమ్మడి ఆస్తి అని, దాన్ని మితిమీరి తోడే హక్కు భూయజమానికి లేదని చెప్పింది. 2005లో ద్విసభ్య ధర్మాసనం దానితో విభేదించి రోజుకు ఐదు లక్షల లీటర్ల వరకు తీసుకోవచ్చని తీర్పు ఇచ్చినా, 2004 మార్చిలో ఆగిన ప్లాంటు మళ్లీ నడవలేదు. 2010లో రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నత స్థాయి కమిటీ నష్టాన్ని 216.26 కోట్ల రూపాయలుగా లెక్క కట్టింది. పరిహార ట్రైబ్యునల్ కోసం 2011లో శాసనసభ ఆమోదించిన బిల్లుకు రాష్ట్రపతి సమ్మతి దొరకలేదు. ప్లాంటు తిరిగి తెరిచే ఉద్దేశం లేదని 2017లో కంపెనీ సుప్రీంకోర్టుకు చెప్పింది.

కోర్టులు రెండు రకాలుగా చెప్పిన కేసు ఇది, నిజమే. కానీ ప్లాంటు పెట్టక ముందు చుట్టుపక్కల బావుల్లో నీరు ఎన్ని అడుగుల్లో ఉండేదో, దాని నాణ్యత ఏమిటో ఇరుపక్షాలూ ఒప్పుకున్న రికార్డు ఒకటి ఉండి ఉంటే వాదనలో సగం అక్కడే తేలిపోయేది. కాబట్టి మీరు మొదట అడగవలసింది ఆ రికార్డు. శంకుస్థాపనకు ముందే కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చుట్టూ ఉన్న బావుల్లో, బోర్లలో మట్టం కొలిచి, నీటి పరీక్ష చేయించి, కాగితాల మీద పంచాయతీ సంతకం, కంపెనీ సంతకం రెండూ ఉండేలా చూడండి. బోరు సామర్థ్యం పరీక్షను ఏప్రిల్, మే నెలల్లో చేయించమనండి. అక్టోబరులో చేసిన పరీక్షలో ప్రతి బోరూ బంగారంలాగే కనిపిస్తుంది. మోటారు నడిపేటప్పుడు కంపెనీ బోరులో మట్టం ఎంత దిగిందన్నది ఒక్కటే చాలదు, పక్క రైతు బోరులో ఎంత దిగింది, ఆపాక ఎన్ని గంటలకు మునుపటి స్థాయికి వచ్చింది అన్నవీ చూడాలి.

ప్లాంటు నడిచాక పరిశీలన బోర్లు, అంటే పీజోమీటర్లు, కంపెనీ ప్రహరీ లోపలే కాక ఊరి పొలాల్లోనూ ఉండాలి. వాటి రీడింగులు నెలనెలా పంచాయతీ కార్యాలయం బోర్డు మీద రాయాలి. ఫలానా పరిశీలన బోరులో మట్టం ఫలానా లోతుకు పడిపోతే ప్లాంటు తోడకాన్ని సగానికి తగ్గిస్తుంది, ఇంకా ఫలానా లోతుకు పోతే పూర్తిగా ఆపుతుంది అన్న షరతును ఒప్పందంలోనే అంకెలతో రాయించండి. మంచి ఉద్దేశం ఉన్న కంపెనీకి ఇందులో అభ్యంతరం ఉండనక్కరలేదు.

ప్రశ్న: మా ఊళ్లో ఇరవై లీటర్ల టిన్నులు నింపే వాటర్ ప్లాంటు నడుపుతున్నాను. ఆర్‌ఓ మిషను నుంచి బయటికి పోయే నీరు కాలువలో కలుస్తోందని పక్కవాళ్లు అంటున్నారు. దాన్ని ఇంకుడు గుంటలోకి పంపితే సరిపోతుందా?
– నల్లగొండ

జవాబు: సరిపోదు సరికదా, నల్లగొండలో అది హాని కూడా. ఆర్‌ఓ పొర ఉప్పులనూ ఫ్లోరైడ్‌నూ మాయం చేయదు, ఒక పక్కకు నెట్టుతుంది. మీ బోరు నీటిలో లీటరుకు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండి, తోడిన దానిలో సగం టిన్నుల్లోకీ సగం బయటికీ పోతుంటే, బయటికి పోయే నీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఆరు మిల్లీగ్రాములకు చేరుతుంది. తాగునీటిలో గరిష్ఠంగా అనుమతించేది 1.5. ఆ ఆరు మిల్లీగ్రాముల నీటిని గుంటలోకి పంపడమంటే పొరుగింటి చేతిపంపులోకి పంపడమే.

ఆ నీటిని టిన్నుల మొదటి కడుగుడుకు, నేల కడగడానికి, మరుగుదొడ్లకు వాడండి. టిన్ను లోపలి చివరి కడుగుడు మాత్రం శుద్ధి చేసిన నీటితోనే జరగాలి. పెద్ద ప్లాంట్లు బయటికి పోయే నీటిని రెండో ఆర్‌ఓ గుండా పంపి ఇంకొంత రాబట్టుకుంటాయి. ఇంకో మాట: మీ బోరులో ఫ్లోరైడ్ లేక, మొత్తం లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉంటే అసలు ఆర్‌ఓ దేనికో ఆలోచించండి. వడపోత, అతినీలలోహిత దీపం చాలిన చోట, కేవలం నాలుకకు తీపిగా తగలడం కోసం తోడిన నీటిలో సగం పారబోయడం వ్యాపారంగా కూడా తెలివైన పని కాదు.

కేంద్ర భూగర్భ జల సంస్థ పరిధిలోని రాష్ట్రాల్లో, 2020 సెప్టెంబరు మార్గదర్శకాల ప్రకారం, అతిగా తోడేసిన ప్రాంతాల్లో కొత్త నీటి ప్యాకింగ్ పరిశ్రమలకు, అవి చిన్న తరహావైనా సరే, అనుమతి ఇవ్వరు. తెలుగు రాష్ట్రాల్లో ఈ వ్యవహారం నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద రాష్ట్ర అధికారుల చేతిలో ఉంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయరాదన్నది ఆ చట్టంలోని మాట. మీ బోరు ఎంత దూరంలో ఉందో టేపు పెట్టి చూసుకోవడం మంచిది.

ప్రశ్న: మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. సీజనులో మా మురుగునీరు వెళ్లే కుంట నల్లబడి కంపు కొడుతుంది. యాజమాన్యం శుద్ధి ప్లాంటు కట్టింది గాని అది పనిచేసినట్టు లేదు. ఎక్కడ లోపం?
– చిత్తూరు

జవాబు: గుజ్జు ఫ్యాక్టరీల మురుగులో విషాల కంటే తీపి ఎక్కువ. ఆ చక్కెరనూ పీచునూ తినడానికి సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌నంతా వాడేసుకుంటాయి, కుంట కుళ్లిపోతుంది. ఎంత ఆక్సిజన్ కావలసివస్తుందో చెప్పే కొలతను బీఓడీ అంటారు. కుంటలు, వాగుల్లోకి వదిలే నీటిలో అది లీటరుకు 30 మిల్లీగ్రాములు, పొలానికి పారించే నీటిలో 100 దాటరాదని నిబంధన. పండ్ల పరిశ్రమల ముడి మురుగులో అది వెయ్యి దాటడం మామూలు.

మీ ప్లాంటు ఎందుకు పనిచేయడం లేదో ఉత్తరం చూసి కచ్చితంగా చెప్పలేం గాని, ఇలాంటి ఫ్యాక్టరీల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. తోతాపురి సీజను రెండు నెలలకు కాస్త అటూ ఇటూ. శుద్ధి ట్యాంకులో పనిచేయవలసిన సూక్ష్మజీవులు తగినంతగా పెరగడానికే కొన్ని వారాలు పడుతుంది. మొదటి లారీ గేటు దాటిన రోజున ప్లాంటు స్విచ్ వేస్తే, అది సిద్ధమయ్యేసరికి సీజను ముగుస్తుంది. గాలి చొరబడని ట్యాంకులో ముందుగానే పేడ కలిపిన నీరు పోసి, కొంచెం కొంచెంగా బెల్లం నీరో గుజ్జు నీరో అలవాటు చేస్తూ, సీజను మొదలయ్యేనాటికి దాన్ని పూర్తి ఆకలితో ఉంచాలి. అనుభవం ఉన్న ఆపరేటరును ఏడాది పొడవునా జీతం మీద ఉంచడానికి యాజమాన్యాలు వెనకాడతాయి. మొత్తం ఖర్చులో అది చిన్నదే, ఫలితం మాత్రం దాని మీదే ఉంది.

ట్యాంకుకు వెళ్లే సరుకును తగ్గించడం ఇంకా సులువు. నేల మీద పడ్డ గుజ్జును, తొక్కలను పైపుతో నీళ్లు కొట్టి కాలువలోకి తోయడం మన ఫ్యాక్టరీల్లో పాతుకుపోయిన అలవాటు. ముందు రబ్బరు పారతో లాగి ఎత్తి, ఆ తరువాత కడిగితే నీరూ తగ్గుతుంది, మురుగు చిక్కదనమూ తగ్గుతుంది. తొక్క పశువులకూ బయోగ్యాస్‌కూ పనికివస్తుంది. కాయలు కడిగే వరసలో చివరి తొట్టి నీటిని ముందు తొట్టికి మళ్లిస్తే తాజా నీరు ఒక్కసారే వాడినట్టవుతుంది. పైపులు శుభ్రం చేసే కాస్టిక్ సోడాను మురుగులో ఒక్కసారిగా వదలవద్దు. అందులోని సోడియం శుద్ధి ప్లాంటులో పోదు, ఆ నీరు పారిన పొలంలో మట్టి బిగుసుకుపోయి నీరు ఇంకడం మానేస్తుంది. రైతు ఆ సంగతి గమనించేసరికి నాలుగైదేళ్లు గడిచిపోతాయి.

ప్రశ్న: వాడిన ప్రతి చుక్కనూ ప్రకృతికి తిరిగి ఇచ్చేశామని కొన్ని బహుళజాతి పానీయాల కంపెనీలు ప్రకటిస్తుంటాయి. ఆ మాటకు అర్థం ఏమిటి? నిజంగా మంచి పని చేసిన కంపెనీ ఒక్కటైనా ఉందా?
– ఎంబీఏ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: కోకా-కోలా 2007లో ఇలాంటి లక్ష్యం ప్రకటించి, అనుకున్నదానికంటే ఐదేళ్లు ముందుగా 2015లోనే చేరుకున్నామని చెప్పింది. తాము అమ్మిన పానీయాల్లో ఉన్న నీటికి సమానమైనంత నీటిని చెరువుల పూడికతీత, అడవుల పెంపకం, తాగునీటి పథకాల వంటి పనుల ద్వారా తిరిగి ఇచ్చామన్నది దాని సారాంశం. ఇందులో రెండు చోట్ల ఆగి చూడాలి. మొదటిది, సీసాలోని నీరు మొత్తం లెక్కలో చిన్న భాగం. అదే కంపెనీ ఒక పర్యావరణ సంస్థతో కలిసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, నెదర్లాండ్స్‌లో తయారైన అరలీటరు కోలా వెనుక 35 లీటర్ల నీరు ఉందని తేలింది. అందులో అధిక భాగం చక్కెర కోసం పండించిన బీట్ దుంపదే. మన వైపు చక్కెర చెరకు నుంచి వస్తుంది. ప్రపంచ సగటున కిలో చెరకు చక్కెరకు అయ్యే నీరు సుమారు 1,780 లీటర్లు. రెండవది, నీటిని ఒక చోట తీసుకుని మరో చోట ఇస్తే లెక్క సరిపోదు. బొగ్గుపులుసు వాయువు ఎక్కడ తగ్గించినా భూగోళానికి ఒకటే గాని, నీటి విషయంలో అలా కుదరదు. గోదావరి జిల్లాలో తవ్విన చెరువు అనంతపురం బోరుకు ఏ విధంగానూ ఉపయోగపడదు.

మంచి పని చేసిన కంపెనీ ఉందా అన్నారు. ఫ్రాన్సులోని విట్టెల్ ఊరి కథ చెబుతాను. అందులో మంచీ ఉంది, దాని పక్కనే మరొకటీ ఉంది. సహజ ఖనిజ జలంగా అమ్మే నీటిని, నైట్రేట్లు తొలగించడం వంటి శుద్ధి ఏదీ చేయకుండా, ఊటలో ఉన్నదున్నట్టుగా సీసాలో పట్టాలన్నది అక్కడి చట్టం. 1980ల్లో విట్టెల్ ఊటలో నైట్రేట్లు మెల్లగా పెరగడం మొదలుపెట్టాయి. పైనున్న పాడి రైతులు పశువుల మేత కోసం మొక్కజొన్న వేసి, ఎరువులు గుప్పించడమే కారణం. రైతులను కోర్టుకీడ్చడానికి వీల్లేదు, వారు చట్టవిరుద్ధంగా ఏమీ చేయలేదు. ఆ ఊట నీటిని సీసాల్లో అమ్మే కంపెనీ 1989లో ఫ్రాన్సు జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలను పిలిచింది. వాళ్లు కొన్నేళ్లు రైతుల వెంట తిరిగి, ఏ పొలంలో ఏ పని వల్ల ఎంత నైట్రేట్ కిందికి దిగుతోందో కొలిచారు, రైతుకు ఏం ఇస్తే ఆ పని మానగలడో కూడా తెలుసుకున్నారు. 1992లో కంపెనీ ఈ పని కోసమే అగ్రివైర్ అనే సంస్థను పెట్టింది. మొక్కజొన్న మానేసి గడ్డి, మేత పైర్లు వేయాలి, పేడను కుళ్లబెట్టి కంపోస్టుగా మాత్రమే చల్లాలి, పురుగుమందులు వాడరాదు. బదులుగా 18 నుంచి 30 ఏళ్ల ఒప్పందం, మారే తొలి ఐదేళ్లు హెక్టారుకు ఏటా సుమారు 200 యూరోలు, కొత్త కొట్టాలకూ పరికరాలకూ డబ్బు, కంపెనీ కొన్న భూములను సాగు చేసుకునే హక్కు. కంపోస్టు పొలంలో చల్లే కూలీ కూడా కంపెనీదే. 2004 నాటికి ఆ ప్రాంతంలోని 26 కమతాలూ ఒప్పందంలోకి వచ్చాయి.

నా దృష్టిలో ఇందులో గొప్పదనం డబ్బులో లేదు. రైతు ఆదాయం తగ్గకూడదన్న షరతును కంపెనీయే తన మీద పెట్టుకోవడంలో ఉంది, ముప్పై ఏళ్లకు మాట ఇవ్వడంలో ఉంది. మన దగ్గర సామాజిక బాధ్యత నిధుల కింద జరిగే పనులు ఎక్కువగా ఒక ఆర్థిక సంవత్సరంలో మొదలై అందులోనే ముగుస్తాయి.

అదే విట్టెల్‌లో రెండవ ముఖమూ ఉంది. ఆ పై ఊటకు దిగువన లోతైన ఇసుకరాతి పొర నుంచి ఊరు, ఒక చీజు ఫ్యాక్టరీ, నీటి కంపెనీ అందరూ తోడుతున్నారు. దశాబ్దాలుగా ఆ పొరలో మట్టం తగ్గుతూ వచ్చింది. కంపెనీ తోడకం అలాగే ఉంచి, ఊరి జనానికి వేరే చోటి నుంచి పైపులైనుతో నీరు తెప్పించాలన్న ప్రతిపాదన వచ్చింది. స్థానికుల వ్యతిరేకతతో 2019లో దాన్ని విరమించుకున్నారు. ఇక 2024 జనవరిలో, ఖనిజ జలంగా అమ్మిన తన బ్రాండ్లలో కొన్నింటికి అనుమతి లేని శుద్ధి పద్ధతులు వాడామని ఈ నీటి కంపెనీ యజమాని అయిన నెస్లే ఒప్పుకుంది. నాణ్యత కాపాడడంలో ఆదర్శంగా నిలిచిన చోటే పరిమాణం విషయంలో గొడవ పడవలసి వచ్చిందంటే, ఒక మంచి పనిని చూసి కంపెనీ మొత్తానికి యోగ్యతాపత్రం ఇచ్చేయకూడదని తెలుస్తోంది. మీ ప్రాజెక్టులో ఏ కంపెనీ గురించి రాసినా దాని పేరు కింద రాయకండి, ఒక్కొక్క ప్లాంటు, ఒక్కొక్క నీటి పొర కింద విడివిడిగా రాయండి.

ప్రశ్న: ఒక ఆహార కంపెనీతో ఒప్పందం చేసుకుని టమాటా పండిస్తున్నాను. కంపెనీ డ్రిప్పుకు సాయం చేసింది. మా రైతులందరం కలిపి ఇన్ని లక్షల లీటర్లు ఆదా చేశామని వాళ్ల కరపత్రంలో రాశారు. మా బోర్లు మాత్రం మునుపటికంటే ముందే ఎండిపోతున్నాయి. ఇదెలా?
– మదనపల్లె

జవాబు: డ్రిప్పుతో ఎకరానికి పట్టే నీరు తగ్గుతుంది. మిగిలిన నీటితో రెండెకరాల రైతు మూడెకరాలు వేస్తాడు, వేసవి పంట వేయనివాడు వేస్తాడు. ఇది రైతు తప్పు కాదు, చేతిలో నీరు, గేటు దగ్గర కొనేవాడు ఉన్నప్పుడు ఎవరైనా చేసే పనే. పైగా కాలువ పద్ధతిలో పారించినప్పుడు వృథా అయిందనుకున్న నీటిలో కొంత మళ్లీ భూమిలోకే దిగేది. డ్రిప్పుతో ఆ భాగమూ ఆగిపోతుంది. ఎకరానికి ఆదా, ఊరికి నష్టం అనేది అందుకే సాధ్యం.

దీనికి దారి మన దగ్గరే ఒకసారి వేశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో మొదలై, తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచిన రైతుల భూగర్భ జల యాజమాన్య పథకం అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో 638 ఊళ్లలో సాగింది. రైతులే వర్షమాపకంలో వాన కొలిచారు, తాడు వదిలి పరిశీలన బోర్ల మట్టం కొలిచారు, ఆ అంకెలను ఊరి గోడ మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఉన్న నీరు ఇంత, అనుకున్న పంటలకు కావలసింది ఇంత అని పంట నీటి బడ్జెట్ వేసేవారు. ఎవరి మీదా నిషేధం లేదు, జరిమానా లేదు. లోటు కళ్లకు కనిపించాక చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటల వైపు తిరిగారు.

మీ కంపెనీ కరపత్రాల మీద పెట్టే ఖర్చును ఇలాంటి బడ్జెట్ మీద పెట్టాలి. ఒప్పందం ఎకరాలను ఆ ఏటి నీటి బడ్జెట్‌ను బట్టి నిర్ణయించాలి. నీరు తక్కువైన ఏడాది తక్కువ ఎకరాలు కొని, ఆ తగ్గుదల భారం రైతు ఒక్కడి మీదే పడకుండా ధరలో సర్దాలి. కొనుగోలు విభాగం అధికారికి ఇచ్చే బోనసు టన్నుల మీదే ఆధారపడి ఉన్నంత కాలం ఇది జరగదని ముందే అనుకోవచ్చు.

ప్రశ్న: కరువు వస్తే ముందు ఎవరికి నీళ్లు ఆపాలి? బీరు ఫ్యాక్టరీలకా, రైతుకా?
– సంగారెడ్డి

జవాబు: తాగునీరు ముందు, తరువాత సేద్యం అన్నది 2002 నాటి జాతీయ జల విధానంలోనే రాశారు; పరిశ్రమలను ఆ వరసలో చివరి వైపున ఉంచారు. కాగితం మీద ఇంత తేటగా ఉన్నది నేల మీద అమలు కావాలంటే కోర్టు దాకా పోవలసి వచ్చింది. 2016 ఏప్రిల్‌లో మరాఠ్వాడా ఎండిపోయి, లాతూరుకు మిరజ్ నుంచి రైలులో నీళ్లు తెచ్చిన రోజుల్లో, ఔరంగాబాదు చుట్టుపక్కల బీరు, మద్యం ఫ్యాక్టరీలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు బెంచి వాటికి ఇచ్చే నీటిలో దశలవారీగా 60 శాతం వరకు కోత పెట్టించింది. ఇతర పరిశ్రమలకు కోత అంతకంటే తక్కువ. కోర్టు చెప్పేదాకా ఆగనక్కరలేని పని ఇది. జలాశయం ఇంత మట్టానికి పడితే ఇంత కోత అని కంపెనీలూ నీటిపారుదల శాఖా వానాకాలంలోనే, తలలు చల్లగా ఉన్నప్పుడే, రాసుకోవచ్చు. ఎండాకాలానికి సరుకు ముందే తయారుచేసి నిల్వ పెట్టుకోవడం, ప్లాంటు వార్షిక మరమ్మతులను ఏప్రిల్, మే నెలలకు జరపడం కంపెనీ చేతిలోనే ఉన్నాయి. బీరుకు గిరాకీ ఎక్కువుండేదీ ఆ నెలల్లోనే కాబట్టి వారికది చేదుగా ఉంటుందన్నది వేరే విషయం.

ప్రశ్న: రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు వస్తుందంటే మా వైపు జనం భయపడుతున్నారు. ఏ కాగితాలు అడిగితే నిజం తెలుస్తుంది?
– భీమవరం

జవాబు: మీ ప్రాంతంలోనే జరిగిన తుందుర్రు ఆక్వా ఫుడ్ పార్కు వివాదంలో మురుగు గొంతేరు డ్రెయినులో కలుస్తుందన్నదే ఊళ్ల ప్రధాన భయం, నీరు సముద్రానికి పైపులైను ద్వారా పోతుందన్న హామీ ఆందోళన ముదిరాకనే బయటికి వచ్చింది. అలా కాకుండా ముందే అడగండి. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే స్థాపన అనుమతి, నిర్వహణ అనుమతి అనే రెండు పత్రాల్లో రోజుకు ఎంత నీరు వాడాలి, ఎంత మురుగు వదలాలి, ఎక్కడికి వదలాలి అన్నవి అంకెలతో ఉంటాయి. బోరు అనుమతి పత్రం, మండలి అధికారులు తీసిన మురుగు నమూనాల పరీక్షా ఫలితాలు, మీ మండలంలో భూగర్భ జల శాఖ పీజోమీటర్ల గత పదేళ్ల రీడింగులు కూడా సమాచార హక్కు చట్టం కింద తీసుకోవచ్చు. పెద్ద చక్కెర మిల్లులు, డిస్టిలరీలు 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ జాబితాలో ఉన్నాయి గాని, శీతల పానీయాలు, సీసా నీళ్ల ప్లాంట్లు అందులో లేవు. అంటే వాటి విషయంలో బహిరంగ విచారణ జరుగుతుందని ఎదురుచూస్తూ కూర్చోవడం దండగ. గ్రామ సభ తీర్మానంలో పై పత్రాల నకళ్లు పంచాయతీకి అందిన తరువాతే నిర్మాణ అనుమతి పరిశీలిస్తామని రాయించి, కార్యదర్శి సంతకంతో ఒక ప్రతిని మండలి ప్రాంతీయ కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో పంపండి.